మోడం పట్టిన సాయంత్రం, కొండ మీద చారెడు ఎండ: ఆయిల్ ల్యాండ్‌స్కేప్ ప్రాజెక్టు డైరీ

స్థలం, వేళ

చంద్రగిరి పొలాల్లో ఉత్తరానికి తిరిగి నిలబడితే శేషాచలం కళ్ళ ముందు ఈ చివరి నుంచి ఆ చివరికి అడ్డంగా సాగుతుంది. పై అంచున నిటారుగా రాతి పట్టీ, దాని కింద అడవి కప్పిన వాలు, ఇంకా కిందికి తోటలు, గట్లు, కయ్యలు. ఈ ప్రాజెక్టుకు ఎంచుకున్న దృశ్యం అదే. కాన్వాస్ 18×24 అంగుళాలు, అడ్డంగా. వేళ నవంబరు చివర్లో వాన వెలిసిన సాయంత్రం. ఆకాశమంతా మోడం పట్టి ఉంది. పడమట ఒక్కచోట మబ్బు చిరిగింది. ఆ సందులోంచి వచ్చిన ఎండ రాతి పట్టీలో ఒక ముక్కకు మాత్రమే తగిలింది. తక్కినదంతా నీడ.

ఆ నెలనే ఎంచుకోవడానికి కారణం సూర్యుడి దారి. తిరుపతి ప్రాంతం సుమారు పదమూడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. నవంబరు చివర్లో పొద్దు సరిగ్గా పడమట గూకదు, దక్షిణానికి సుమారు 22 డిగ్రీలు జరిగి గూకుతుంది. మనకు కనిపించే రాతి ముఖం దక్షిణం వైపుది కాబట్టి ఆ వెలుగు దాని మీద ఏటవాలుగా, ఎడమ నుంచి కుడికి రాసుకుంటూ పోతుంది. పగుళ్ళు, పొరలు అన్నీ పైకి లేచి కనిపిస్తాయి. జూన్‌లో అదే పొద్దు పడమరకు ఉత్తరంగా గూకుతుంది, మధ్యాహ్నం కూడా నడినెత్తికి కాస్త ఉత్తరానే ఉంటుంది. అప్పుడు రాతి ముఖం చాలాసేపు నీడలోనే ఉండి చదునుగా కనిపిస్తుంది. జూన్‌లో తీసిన ఫోటో ముందు పెట్టుకుని నవంబరు ఎండను ఊహించి వేస్తే బొమ్మ నమ్మించదు. నీడలు ఎటు పడాలో చేతికి తెలియక కుంచె తడబడుతుంది.

సూర్యాస్తమయం 5.40 ప్రాంతంలో. పనికొచ్చే వెలుగు దానికి ముందు అరగంట. ఆ వ్యవధిలో రంగులు పూసే ప్రయత్నం వద్దు. పెన్సిల్‌తో వెలుగు నీడల పటం గీసుకుని, మబ్బు దిశ, గడియారం వేళ పక్కన రాసుకుంటే చాలు. ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కానిస్టబుల్ 1821, 1822లలో హాంప్‌స్టెడ్‌లో మబ్బుల అధ్యయనాలు వేసినప్పుడు తేదీ, వేళ, గాలి వెనుక వైపు రాసిపెట్టేవాడు. ఇంటికొచ్చి పెద్ద బొమ్మ మొదలుపెట్టేటప్పుడు ఆ రెండు ముక్కల రాత ఫోటోకన్నా ఎక్కువ అక్కరకొస్తుంది.

ఫోటో తీస్తే ఫోన్‌లో హెచ్‌డీఆర్ ఆపేయాలి. అది నీడల్ని పైకి లాగి, మబ్బును తెల్లబరిచి, అన్నిటినీ ఒకే మధ్యస్థ వెలుగులోకి తెస్తుంది. ఈ దృశ్యంలో పోగొట్టుకోకూడనిది ఆ తేడానే. ఎండ తగిలిన రాతి మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ కట్టేసి తీయాలి. కింది భాగం నల్లగా వచ్చినా పరవాలేదు. నీడలో ఏముందో కంటితో చూసి గుర్తుపెట్టుకోవచ్చు.

టోన్ల పంపకం

ఈ ప్రాజెక్టు మొత్తం నిలబడేది ఇక్కడే. బొమ్మ చూసి గుండె బరువెక్కినా, తేలికపడినా అందులో మొదటి వాటా టోన్లది. ఏది ఎంత ముదురు, ఏది ఎంత లేత, ఏది ఎంత చోటు తీసుకుంది అన్నది తేలాకే రంగు మాట్లాడుతుంది.

పూర్తి నలుపును 1గా, పూర్తి తెలుపును 10గా పెట్టుకుని వేసుకున్న లెక్క ఇది. ఎండ తగిలిన రాయి 8. దాని వెనక మబ్బు 5. ఎడమ అంచున చిరిగిన మబ్బు దగ్గర ఆకాశం 7. నీడలో ఉన్న రాతి పట్టీ 4. అడవి వాలు 3 నుంచి 4. గట్టు, చెట్ల వరుస 2. కయ్యల్లో దూరపు నీళ్ళు 6, దగ్గరి నీళ్ళు 4. 9, 10 ఈ బొమ్మలో లేవు. 5 పక్కన పెట్టిన 8 మండుతున్నట్టే కనిపిస్తుంది. అక్కడ తెలుపు దించితే రాయి సున్నం కొట్టినట్టవుతుంది.

ఎండ ముక్క పొడవు 7 అంగుళాలు, ఎత్తు ఒకటింపావుకు మించదు. మొత్తం 432 చదరపు అంగుళాల్లో అది రెండు శాతం. ఈ వాటా పెంచాలన్న ఆశ ప్రతి దశలోనూ పుడుతుంది, ఎందుకంటే వేయడానికి అన్నిటికన్నా సరదాగా ఉండే చోటు అదే. ఆ ముక్క 14 అంగుళాలైతే దృశ్యం మామూలు ఎండ పొద్దుగా మారిపోతుంది, వాన వెలిసిన గుర్తు చెరిగిపోతుంది.

దీన్ని చేత్తోనే తేల్చుకోవడానికి ప్రైమర్ పూసిన దళసరి కాగితం మీద 6×8 అంగుళాల చిన్న బొమ్మలు మూడు, గీత ఒకటే, టోన్ల పంపకం మాత్రం వేరు. మొదటిది పైన చెప్పిన లెక్క. రెండో దాంట్లో ముందు కయ్యల్ని రెండు మెట్లు లేత చేశాం, అంతే: బెంగ పోయి తెల్లవారుజాము ప్రశాంతత వచ్చేసింది. మూడో దాంట్లో రాతి వెనక మబ్బును 5 నుంచి 7కు తెస్తే ఎండ ముక్క దాదాపు కనిపించకుండా పోయింది, రాయి రంగు ఒక్క చుక్క కూడా మార్చకుండానే. బొమ్మలు చూడటం నేర్చుకునేవాళ్ళకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. వేయడం రాకపోయినా పెన్సిల్‌తో ఈ మూడూ చేసి చూడొచ్చు.

ఇదే పద్ధతికి పెద్ద ఉదాహరణ యాకబ్ వాన్ రూయిస్‌డాల్ 1670 ప్రాంతంలో వేసిన హార్లెమ్ దృశ్యాలు. చదును నేల, మూడింట రెండు వంతుల ఆకాశం, మబ్బు నీడలో మునిగిన పొలాలు, వాటి మధ్య అక్కడక్కడ ఎండ పడిన చోట్లు. కన్ను ముందు ఎండ ముక్కకు పోతుంది, అక్కణ్ణుంచి నీడలోకి దిగి నెమ్మదిగా వెతుక్కుంటుంది. మన కొండను వేసేటప్పుడు ఆయన దగ్గర తీసుకోవాల్సింది ఆ వరస. ఆయన గోధుమ, బూడిద రంగులు మన దగ్గర అతకవు. నవంబరు శేషాచలం పచ్చగా ఉంటుంది.

కాన్వాస్, కింది రంగు

కాటన్ కాన్వాస్ మీద రెండు పూతలు అక్రిలిక్ జెస్సో, అంటే రంగు పట్టడానికి ముందుగా వేసే తెల్లటి పూత. మొదటి పూతలో పదో వంతు నీళ్ళు కలిపితే నూలులోకి దిగుతుంది. ఆరాక 220 నంబరు ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్ది, రెండో పూత మొదటిదానికి అడ్డంగా. ఆపై మూడు రోజులు వదిలేయాలి. చేతికి గంటలోనే ఆరినట్టు తగులుతుంది గానీ లోపలి నీరు ఇంకా పోయి ఉండదు, వానల రోజుల్లో మరీ. ఆ తేమ మీద నూనె రంగు పరిస్తే పట్టు సరిగ్గా కుదరదు. తేమకు గుడ్డ కాస్త సడలితే ఫ్రేము మూలల్లో చెక్క చీలలు ఒకటి రెండు దెబ్బలు కొడితే సరిపోతుంది. గట్టిగా బిగిస్తే ఎండాకాలంలో మూలల దగ్గర లాగుడు పెరుగుతుంది.

కింది రంగుకు బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు)లో చిటికెడు అల్ట్రామెరీన్ (ముదురు నీలం), టర్పెంటైన్‌తో బాగా పలచన చేసి పూసి పాతగుడ్డతో తుడవడం. టోను 5 దగ్గర నిలవాలి. దీని అవసరం రెండు విధాలు. తెల్లటి కాన్వాస్ మీద ఏ మధ్యస్థ టోను పెట్టినా ముదురుగా తోస్తుంది, చేయి భయపడి అన్నీ లేతగా వేసేస్తుంది, మోడం నిలబడదు. రెండోది, పైన వచ్చే చల్లటి బూడిద రంగుల సందుల్లోంచి ఈ ఎరుపు అక్కడక్కడ తొంగి చూస్తే మబ్బుకు ప్రాణం వస్తుంది. ఈ పూత పలచన కాబట్టి ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది.

ప్యాలెట్

టైటానియం వైట్, యెల్లో ఓకర్ (మట్టి పసుపు), లేత కాడ్మియం యెల్లో, బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), పర్మనెంట్ అలిజరిన్ (ముదురు ఎరుపు), అల్ట్రామెరీన్. ఇంతే. ట్యూబులో వచ్చే ఆకుపచ్చ ఒక్కటీ లేదు, నలుపూ లేదు.

కొనేటప్పుడు ట్యూబు మీద పిగ్మెంట్ నంబరు, అంటే లోపలున్న అసలు రంగు పొడి నంబరు, చదవాలి. తెలుపులో పీడబ్ల్యూ6, అంటే టైటానియం, ఒక్కటే ఉన్నది మేలు. పీడబ్ల్యూ4, అంటే జింక్, కలిసినదైతే ఏళ్ళు గడిచేకొద్దీ పొర పెళుసెక్కి చిట్లే ప్రమాదం ఉంది. ఆకాశమంతా తెలుపు కలిసిన రంగే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అలిజరిన్‌లో పీఆర్83 వెలుగుకు వెలిసిపోతుంది, తెలుపుతో కలిపిన చోట మరీ తొందరగా. పీఆర్177 ఉన్నది తీసుకోవాలి. పేరు చివర ‘హ్యూ’ అని ఉంటే అసలు పిగ్మెంటుకు బదులు చౌక రంగుల కలయిక అని అర్థం. నేర్చుకునేటప్పుడు వాడొచ్చు, కానీ కలిపినప్పుడు వచ్చే ఫలితం వేరుగా ఉంటుంది.

మొదటి పొరకు టర్పెంటైన్ ఒక్కటే. రెండో పొరకు మూడు పాళ్ళ టర్పెంటైన్‌కు ఒక పాలు లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె). చివరి పొరకు సగం సగం. పై పొరలో నూనె ఎప్పుడూ కింది పొరకన్నా ఎక్కువే ఉండాలి. నూనె తక్కువైన పొర ముందే గట్టిపడి, కింద నూనె పొర ఇంకా కదులుతుంటే పైది చీలుతుంది. ఆయిల్ రంగు నీటిరంగులా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని గట్టిపడుతుంది. అంబర్, సియెన్నా తొందరగా ఆరతాయి. టైటానియం, కాడ్మియం, అలిజరిన్ నెమ్మది. అందుకే కింది పొరకు అంబర్.

నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకూడదు. ఆరేటప్పుడు వాటిలో వేడి పుడుతుంది, బయటికి పోయే దారి లేకపోతే వాటంతటవే అంటుకుంటాయి. మూత ఉన్న స్టీలు డబ్బాలో నీళ్ళు పోసి అందులో వేయాలి. టర్పెంటైన్ వాడే గదికి కిటికీలు తెరిచి ఉండాలి. ఏసీ వేసుకుని తలుపులు బిగించుకునే పని కాదిది.

మొదటి పొర

బర్న్ట్ అంబర్, అల్ట్రామెరీన్, టర్పెంటైన్‌తో టోన్లు మాత్రమే. కింది నుంచి 6 అంగుళాలు కయ్యలు, ఆపైన ఒక అంగుళం గట్టు, చెట్లు, మరో మూడు అంగుళాలు వాలు, ఒకటిన్నర రాతి పట్టీ, మిగిలిన ఆరున్నర ఆకాశం. ఎండ ముక్క కుడి అంచు నుంచి 6 అంగుళాల దగ్గర మొదలై ఎడమకు సాగుతుంది. సరిగ్గా నడిమికి వస్తే బొమ్మ అక్కడే ఆగిపోతుంది. కళ్ళు సగం మూసి చూడాలి. వివరాలు కరిగి నాలుగైదు పెద్ద ముక్కలే మిగిలితే లెక్క కుదిరినట్టు.

ఆకాశం

మొత్తం ఒకే కూర్చున్న పూటలో, తడి మీద తడి. మధ్యలో ఆపితే మర్నాటి రంగు నిన్నటి రంగులో కలవదు, అతుకు కనిపిస్తుంది. కాబట్టి కుంచె పట్టకముందే మూడు గుట్టలు ప్యాలెట్ నైఫ్‌తో (రంగులు కలిపే చదును కత్తి) కలిపి ఉంచుకోవాలి. ఈ కొలతకు తెలుపు 20 మిల్లీలీటర్ల దాకా పడుతుంది.

మబ్బు అసలు రంగు అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా, తెలుపు. నీలం పాలు పెరిగితే చల్లగా, సియెన్నా పెరిగితే వెచ్చగా తిరుగుతుంది. మబ్బు అడుగున అలిజరిన్ కొసరు. ఎడమ చిరుగు దగ్గర యెల్లో ఓకర్, తెలుపు, కాడ్మియం సూది మొనంత. ఇక్కడే చాలా బొమ్మలు క్యాలెండర్ బొమ్మలైపోతాయి. నారింజ, ఊదా రెండూ ఘాటుగా పక్కపక్కన పెడతారు. మోడం పట్టిన సాయంత్రం ఆకాశంలో అంత ఘాటు ఉండదు. ఆ ఎండ ముక్కకు దక్కాల్సిన చూపును ఆకాశమే లాగేసుకుంటుంది.

మబ్బులకూ దూరం దగ్గర ఉన్నాయి. నెత్తి మీదవి పెద్దవిగా, వాటి అడుగు వెడల్పుగా కనిపిస్తుంది. కొండ వైపు పోయేకొద్దీ చిన్నవై, పలచబడి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అడ్డ చారలవుతాయి. అన్నీ ఒకే సైజులో వేస్తే ఆకాశం నిలువు తెరలా కొండ వెనక వేలాడుతుంది. 12 నంబరు చదును కుంచె, చేయి భుజం నుంచి కదలాలి. చివర్లో పొడి కుంచెతో రెండు మూడుసార్లు తడిమితే చాలు. నాలుగోసారి తడిమితే మబ్బు పొగవుతుంది.

కొండ

ఆకాశం ఆరడానికి వారం ఆగాలి, తేమ రోజుల్లో ఇంకా ఎక్కువ.

శేషాచలం పైభాగం క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడి మారిన రాయి), కింద అంతకన్నా పాత గ్రానైట్. రెండిటి మధ్య కలిసే గీత తిరుమల ఘాట్ రోడ్డు పక్కన బయటపడి కనిపిస్తుంది, దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. చిత్రకారుడికి ఇది పనికొచ్చే సమాచారమే. పై పట్టీ అడ్డ పొరలుగా ఉంటుంది, వాటిని నిలువు పగుళ్ళు కోస్తాయి, రాయి గదులు గదులుగా విరుగుతుంది. గుండ్రటి బండలు ఆ పట్టీలో ఉండవు, అవి చంద్రగిరి కోట వెనక గుట్ట లాంటి గ్రానైట్ గుట్టల మీద ఉంటాయి. రెండిటినీ ఒకే గీతతో వేస్తే ఈ ఊరివాళ్ళు ఒక్క చూపులో పట్టేస్తారు.

నీడలో రాయికి అల్ట్రామెరీన్, సియెన్నా, ఓకర్, కొద్దిగా తెలుపు. పలచగా. ఎండ తగిలిన రాయికి ఓకర్, సియెన్నా, తెలుపు, కాడ్మియం యెల్లో చివరి చిటికెడు. తెలుపు ఒక్కటే పెంచుకుంటూ పోతే రాయి గులాబీ రంగుకు తిరిగి చల్లబడుతుంది. లేత చేయాల్సినప్పుడల్లా తెలుపుతో పాటు పసుపు కూడా పడాలి. ఈ రంగు విడిగా నూనె కలపకుండా, ట్యూబులోంచి వచ్చినంత చిక్కగా, ప్యాలెట్ నైఫ్ అంచుతో ఆరిన పొర మీద ఒక్కసారి లాగాలి. కత్తి ఎగుడుదిగుళ్ళ మీద ఆగిన చోట రంగు పడుతుంది, లోతుల్లో కింది నీడ మిగిలిపోతుంది. పగుళ్ళు వాటంతటవే వస్తాయి. మళ్ళీ దాని మీదికి పోయి సవరించడం మొదలుపెడితే ఆ విరుపు పోయి ముద్దవుతుంది. బాగా రాకపోతే కత్తితో గీకేసి మళ్ళీ ఒక్కసారి లాగడమే.

అంచుల సంగతి వివరంగా చెప్పుకోవాలి. శ్రీకాళహస్తి కలంకారీ చూసి పెరిగిన కన్ను మనది. అక్కడ కలం గీత ముందు, రంగు ఆ గీత లోపల నిండుతుంది, ఆ గీతలోనే అందం. ఆయిల్ ల్యాండ్‌స్కేప్‌లో ప్రతి అంచునూ అలా బిగిస్తే గాలి ఆడదు. ఈ బొమ్మలో గట్టి అంచు ఒకే ఒక చోట, ఎండ ముక్క పైన, మబ్బుకు ఆనిన గీత. కుడివైపు కొండ కొస మబ్బులోకి కరిగిపోవాలి. అక్కడ కొండ, మబ్బు రెండిటి టోనూ 5కు తెచ్చి పొడి కుంచెతో అడ్డంగా ఒకసారి లాగితే అంచు మాయమవుతుంది. చూసేవాళ్ళు దాన్ని తమ మనసులో పూర్తి చేసుకుంటారు, వాన ఇంకా అక్కడ ఉందని తెలుసుకుంటారు. ఎడమవైపు అంచు మధ్యస్థంగా ఉంటే సరి.

వాలు మీద అడవికి అల్ట్రామెరీన్, ఓకర్ కలిపితే మట్టి కలిసిన పచ్చ వస్తుంది. దూరం కాబట్టి మబ్బు బూడిద రంగు గుట్టలోంచి నాలుగో వంతు ఇందులో కలపాలి. ఒకే మబ్బు రంగు కొండలోనూ నీళ్ళలోనూ కలవడం వల్లే అన్నీ ఒకే సాయంత్రానివి అవుతాయి. మార్చిలో వేసేవాళ్ళకు ఈ పచ్చ పనికిరాదు. అప్పటికి ఆకు రాలి వాలంతా గోధుమ రంగుకు తిరుగుతుంది.

చెట్ల వరుస

తక్కువ మాటలు చాలు. టోను 2, తెలుపు లేకుండా, అల్ట్రామెరీన్, సియెన్నా, కొద్దిగా అలిజరిన్. ముదుర్లు పలచగా, పారదర్శకంగా ఉంటే లోతు ఉంటుంది, తెలుపు కలిస్తే బూడిద పూసినట్టవుతుంది. ఆకులు వేయకూడదు. మామిడి గుబుర్లు, ఒకటి రెండు తాడిచెట్లు ఎడమవైపు. తాటి తల ఎండ ముక్కకు అడ్డం రాకూడదు.

కయ్యల్లో నీళ్ళు

నీళ్ళు ఆకాశాన్ని ఉన్నదున్నట్టు చూపవు. ప్రతిబింబంలో లేతవి ఒక మెట్టు ముదురుతాయి, ముదుర్లు కాస్త లేతబడతాయి. దూరపు కయ్యల్ని చూపు ఏటవాలుగా తాకుతుంది కాబట్టి అవి ఆకాశాన్ని ఎక్కువ చూపిస్తాయి, లేతగా ఉంటాయి. కాళ్ళ దగ్గరి నీటిని పైనుంచి చూస్తాం, అందులో అడుగు బురద రంగే ఎక్కువ కనిపిస్తుంది. అందుకే దూరం 6, దగ్గర 4. నీళ్ళంతా ఒకే రంగు పూస్తే నేల చదును పోయి అద్దం ముక్క నిలబెట్టినట్టుంటుంది.

ఎండ తగిలిన రాతి ప్రతిబింబాన్ని కూడా వేయాలనిపిస్తుంది. వేయకూడదు. నీటిలో కనిపించేది నీటి మట్టం కింది నుంచి పైకి చూసినట్టు ఉంటుంది. అక్కడి నుంచి చూస్తే గట్టు మీది చెట్లు కొండ పట్టీని మూసేస్తాయి. దగ్గరి కయ్యలో ఒక్క చోట గట్టు తెగిన సందులో మాత్రం ఆ వెచ్చని రంగును రెండు మెట్లు తగ్గించి ఒక అడ్డ గీతగా పెట్టాం. ఆ ఒక్క గీత వల్ల కన్ను కొండ నుంచి కిందికి దిగే దారి దొరికింది.

పూసే పద్ధతి: ముందు కుంచె పై నుంచి కిందికి, తర్వాత తడి ఉండగానే పొడి చదును కుంచెతో అడ్డంగా, తగిలీ తగలకుండా. నారు గీతలు దూరపు కయ్యల్లో వద్దు, దగ్గరి మడిలో అక్కడక్కడ నాలుగు కొసలు చాలు.

గ్లేజు

పొరలన్నీ చేతికి అంటకుండా ఆరాక, ముందు భాగం ఎడమ మూలలో బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరీన్, ఆల్కిడ్ మీడియంలో (రంగును తొందరగా ఆరేలా చేసే ద్రవం) కలిపి టీ డికాక్షన్ అంత పలచగా ఒక పారదర్శక పూత, అదే గ్లేజు. అక్కడ టోను అరమెట్టు దిగుతుంది, మూల బరువెక్కుతుంది, కొండ మీది ఎండ ఇంకాస్త పైకి లేస్తుంది. ఎండ ముక్క మీద గ్లేజు వేయొద్దు. చిక్కటి లేత రంగు మీద పారదర్శక పూత పడితే దాని పొడి గుణం పోయి మెరుగుపెట్టినట్టవుతుంది.

ఆరాక చూడాల్సినవి

ముదురు చోట్లు కొన్ని వెలవెలబోయి కనిపిస్తాయి. రంగులోని నూనెను కింది పొర పీల్చుకోవడం వల్ల వచ్చే మచ్చలవి. రంగు తప్పనుకుని మళ్ళీ పూస్తే లెక్కంతా చెడుతుంది. లిన్సీడ్ ఆయిల్‌లో సమానంగా టర్పెంటైన్ కలిపి పలచగా రుద్ది, మిగిలింది తుడిచేస్తే అసలు టోను తిరిగొస్తుంది. ఆ తర్వాతే ఏం మార్చాలో నిర్ణయించాలి.

బొమ్మను అద్దంలో చూడటం, ఫోన్‌లో నలుపు తెలుపు చేసి చూడటం రెండూ చేయాలి. నలుపు తెలుపులో ఎండ ముక్క ఇంకా వెలుగుతుంటే టోన్లు నిలిచినట్టు. అది రంగు వల్ల మాత్రమే కనిపిస్తుంటే నలుపు తెలుపులో మాయమవుతుంది. అప్పుడు మబ్బును దించాలి, రాయిని కదపకూడదు.

వార్నిష్‌కు కనీసం ఆరు నెలలు ఆగాలి, రాతి మీద చిక్కగా పడిన రంగుకు ఏడాది అయినా మంచిదే. ఈలోగా బొమ్మను చీకటి అరలో పెడితే లిన్సీడ్ నూనె పసుపు తిరుగుతుంది, మబ్బు మీద ఇది ముందు కనిపిస్తుంది. నేరుగా ఎండ పడని వెలుగున్న గదిలో ఉంచితే ఆ పసుపు చాలావరకు తగ్గుతుంది. పడమటి ఎండకు కాగే గోడకు తగిలించొద్దు. కాన్వాస్ వెనక అట్ట బిగిస్తే దుమ్ము, తేమ, తగిలే దెబ్బలు మూడూ తప్పుతాయి. పసుపు బల్బు కింద ఈ బొమ్మలోని బూడిద నీలాలు మట్టి రంగులో కనిపిస్తాయి కాబట్టి 4000 కెల్విన్ దగ్గరి బల్బు పెట్టాలి.

తర్వాతి విడతలో ఇదే చోటు, ఇదే 18×24, జూన్ సాయంత్రం. రాతి పట్టీ మొత్తం నీడలో ఉంటుంది, వెలుగు కొండ వెనక నుంచి వస్తుంది, నీళ్ళు లేని కయ్యలు లేత దుమ్ము రంగులో ఉంటాయి. ఇప్పుడు 8 ఉన్న చోట 4, 4 ఉన్న చోట 7 పెట్టి చిన్న బొమ్మలతో మొదలుపెడతాం.